నత్తల మేత

“ఎన్ని తీసినా ఈ నత్తలు పుట్టుకొస్తానే ఉండాయి!” ఫయాజ్ విసుక్కుంటూ చేపల తొట్టిలో చెయ్యి పెట్టి, నత్తలకు ఎరగా రాత్రి వేసిన క్యాబేజీ ఆకును పైకి తీశాడు. దానికి ఒక్క నత్త కూడా అంటుకోలేదు.

“మేత మిగిలితేనే ఇవి పెరుగుతాయంట. నువ్వేమన్నా ఎక్కువ వేస్తున్నావా?”

“చిటికెడే వేస్తున్నా,” అంది భార్య మహజబీన్.

నత్తలన్నీ మూలనున్న రాయి వెనక మూగి ఉన్నాయి. రాయి జరిపితే తెల్లటి ముద్ద చేతికి తగిలింది. ఇడ్లీ.

తొట్టి పక్కనే కుర్చీలో తల్లి జహరాబీ కూర్చుని ఉంది. ఒళ్లో ఖాళీ ప్లేటు. షుగర్ ఎక్కువగా ఉందని, ఈ రంజాన్‌కు ఉపవాసం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“అమ్మీ, రోజా ఉంటున్నావా?”

ఆమె ప్లేటును కొంగుతో కప్పేసింది.

“ఇప్పుడేగా ఇన్సులిన్ వేసినా! ఏమీ తినకుంటే షుగర్ పడిపోయి, చెమటలు పట్టి ప్రాణం మీదికొస్తాది!” అంది మహజబీన్.

“సూదితో రోజా పోదంట బేటీ. అందుకే దాన్ని ఒక్కరోజు కూడా వద్దనలేదు,” అంది జహరాబీ నెమ్మదిగా.

మహజబీన్ చక్కెర డబ్బా కోసం పరుగెత్తింది. రంజాన్ మొదలైనప్పటి నుంచీ అత్తకు చెమటలు పడుతుంటే, మార్కాపురం ఎండలనుకుని రోజూ ఫ్యాను పెంచింది తనే.