గేటు దగ్గర బల్ల

"పైకి తర్వాత వెళ్దువుగాని. ముందు ఇలా కూర్చో, నాయనా."

గేటు పక్క బల్ల మీద ఉన్న ముసలాయన కాస్త జరిగి, పక్కన అరచేత్తో తట్టి చోటు చూపించాడు.

షౌకీ ఆగాడు. పదకొండేళ్లు కువైట్‌లో పిల్లలకు లెక్కలు చెప్పి దాచినదంతా, భార్య సుహైర్ గాజులతో సహా, ఈ బిల్డింగులో పెట్టబోతున్నాడు. అలెగ్జాండ్రియాలో సముద్రం ఎదురుగా ఫ్లాటు. వేసవిలో కైరో వాళ్లకు అద్దెకిస్తే ఇక ఏ ఊరి బడికీ పోనక్కర్లేదు.

"ఏయ్ ముసలోడా, మళ్లీ మొదలెట్టావా?" బ్రోకరు బషందీ కసిరాడు. "పదండి ఉస్తాద్. గేటు కాసేవాడితో మనకేంటి?"

లిఫ్టు పదకొండో అంతస్తులో ఆగింది.

బషందీ కిటికీ తెరిచాడు. సముద్రం గదిలోకి వచ్చేసింది. షౌకీ ఇక గోడలు చూడలేదు, పంపు తిప్పలేదు.

"సాయంత్రం ఒక డాక్టరుగారు వస్తున్నారు. ఆయనొస్తే నా చేతిలో ఉండదు," అన్నాడు బషందీ.

ఏ డాక్టరూ రావట్లేదు. కానీ కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. షౌకీకి ఇల్లు కొనడం అదే మొదటిసారి.

"నాకే ఇవ్వండి," అన్నాడు.

కిందికి దిగాక బషందీ ఫోను మాట్లాడుతూ వీధిలోకి వెళ్లాడు. ముసలాయన ఇందాకటి చోటే చూపించాడు. చేతిలో టీ గ్లాసు.

"తాగు నాయనా. ఈ ఇల్లు ఎన్ని అంతస్తులు?"

"పద్నాలుగు."

"ఎన్నింటికి అనుమతి ఇచ్చారు?"

"అవన్నీ కట్టినాయన చూసుకుంటాడు పెద్దాయనా."

"యజమానిని చూశావా?"

"హాజీ రమ్జీగారేగా? నిన్ననే కలిసి కాఫీ తాగాం."

ముసలాయన వీధి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"యజమాని సంగతి నాకు తెలుసు. అక్షరం ముక్క రాదు. ఎక్కడ ముద్ర వేయమంటే అక్కడ వేస్తాడు. వాణ్ణి నమ్ముకుని ఇల్లు కొనకు."

షౌకీకి నవ్వొచ్చింది. పద్నాలుగంతస్తుల మేడకు అక్షరం రాని యజమాని! దీనికంతటికీ టీ డబ్బులే కారణమనుకుని ఇరవై పౌండ్ల నోటు తీశాడు.

ముసలాయన ఆ నోటు వైపు చూడలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నీ ఇష్టం నాయనా," అన్నాడు.

ఆయన పేరైనా షౌకీ అడగలేదు.

మర్నాడు రమ్జీ ఆఫీసులో కాగితాలు పక్క గదిలోంచి వచ్చాయి. అమ్మేవాడి సంతకం ఉండాల్సిన చోట గుండ్రటి ఇత్తడి ముద్ర. పైన అబ్దుల్ మౌలా అని పేరు.

"ఈయనెవరు హాజీ?"

"మావాడే. పన్నుల గొడవలు మీకు తెలియనివా ఉస్తాద్? అందరూ చేసేదే."

షౌకీకి తెలియవు. తెలియదని తెలిసిపోతుందేమోనని సిగ్గుపడి, అన్నీ తెలిసినవాడిలా తలూపాడు. సంతకం చేశాడు.

చలికాలం మొదట్లో గేటుకు నోటీసు అంటించారు. ఈ బిల్డింగుకు అనుమతి ఆరు అంతస్తులకే. ఏడు నుంచి పైదంతా కూలుస్తారు.

బషందీ ఫోను మోగి మోగి ఆగేది. రమ్జీ ఆఫీసులో ఇప్పుడు చెప్పుల షాపు ఉంది.

గేటు దగ్గర బల్ల ఖాళీ.

"ఆ ముసలోడూ వాళ్లలో ఒకడే. వాటా పుచ్చుకుని పారిపోయాడు," అన్నాడు షౌకీ.

సుహైర్ బోసి చేతులతో అన్నం వడ్డించింది. ఆ చేతులు చూస్తే ఏడుపు రావాలి. షౌకీకి అదీ రాలేదు.

లాయరు నాదిరా కాగితం చూడగానే ముద్ర మీద వేలు పెట్టింది.

"కాహూల్."

"అంటే?"

"మన ఊళ్లో కొత్తేం కాదు మాస్టారూ. కట్టేది ఒకడు, డబ్బు తీసుకునేదీ వాడే. కాగితాల్లో యజమాని మాత్రం ఎవడో దిక్కులేనివాడు. మెట్ల కింద గది, రెండు పూటలా తిండి ఇచ్చి వాడి పేరు వాడుకుంటారు. కేసైతే జైలుకు పోయేది వాడు."

"నా డబ్బు?"

"ఆ యజమాని దగ్గర ఒంటి మీది బట్ట తప్ప ఏమీ ఉండదు. వచ్చే మంగళవారం కోర్టుకు తెస్తున్నారు. చూస్తారా?"

"చూస్తాను. ఇల్లు కొనేముందు చూడాల్సిన మొహం. ఇప్పుడైనా చూస్తాను."

మంగళవారం కోర్టు గది కిక్కిరిసి ఉంది. పద్నాలుగంతస్తుల్లో కొన్నవాళ్లంతా వచ్చారు. నాలుగు నెలలుగా ఒకే తిట్టు షౌకీ నాలుక మీద ఉంది. నీ ఇల్లు పాడుగాను! యజమాని కనబడగానే మొహం మీదే అనాలని జనాన్ని తోసుకుంటూ ఖైదీలను ఉంచే ఊచల బోను ముందుకు వెళ్లాడు.

"అబ్దుల్ మౌలా!" గుమాస్తా పిలిచాడు.

బోనులో బల్ల మీదున్న ఖైదీల్లోంచి యజమాని లేచి నిలబడి, తన పేరు ఒప్పుకుని, మళ్లీ కూర్చున్నాడు.

తర్వాత ఊచల ఇవతల నిలబడిపోయిన షౌకీని గుర్తుపట్టి, కాస్త జరిగి, పక్కన అరచేత్తో తట్టి చోటు చూపించాడు.