దారం కట్టిన సీసా

“తల పైకెత్తండి” అంది భార్య.

“ఇందాకేగా వేశావు.”

“గంటకోసారి వెయ్యమంది డాక్టరమ్మ. గంటయిందో లేదో మీ గడియారాలనే అడగండి.”

గడియారాలు బాగుచేసేవాడు తలెత్తాడు. అతని ఎడమ కన్ను కుర్రతనంలోనే స్ప్రింగు ఎగిరి తగిలి పోయింది. ఇప్పుడు కుడి కంటికి చీము పట్టింది. పనిలో కంటికి బిగించుకునే భూతద్దాన్ని ఏనాడూ కడిగిన పాపాన పోలేదు. నల్లగుడ్డు మీద పుండు పడిందట. “ఇంకాస్త ఆలస్యమైతే చూపు దక్కేది కాదు” అంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు. కొట్టు పోతే పోయింది. అతని భయం కొట్టు గురించి కాదు.

వెలుతురు గుచ్చుకుంటుందని గదిలో లైటు వెయ్యలేదు. భార్య బొటనవేలు అతని చెంప ఎముక మీద ఆనించి, కింది రెప్ప లాగి, చుక్క వేసింది. ఒక్క బొట్టు బయటికి పోలేదు. చెవి మందు సీసాతో తారుమారు కాకుండా ఈ యాంటీబయాటిక్ సీసా మెడకు దారం కట్టి పెట్టుకుంది.

కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది.

“ఎరుపు పూర్తిగా పోయిందే. అద్దంలో చూశా. ఇక మందు చాలు.”

ఆమె అతని రెప్పల అంచు వేలితో తడిమింది. “ఇంకా జిగురుగానే ఉంది. నా దగ్గరా అబద్ధాలు?”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“సగంలో మానేస్తే మిగిలిన క్రిములు మొండికేస్తాయని డాక్టరే చెప్పింది. మొండికెయ్యడానికి ఈ ఇంట్లో మీరొక్కరు చాలు.”

చాలా రోజులకు అతను నవ్వాడు.

మందు వాడకం పూర్తయ్యాక డాక్టరమ్మ పరీక్ష చేసి, “పుండు మానింది. చూపుకు ఢోకా లేదు” అంది.

“ఇంకోసారి చూడండమ్మా” అంది భార్య, ఖాళీ సీసాను గుప్పిట్లో బిగించి.

డాక్టరమ్మ ఇంకోసారి చూసింది. అదే మాట చెప్పింది.

బయట మెట్లు దిగుతూ భార్య అతని మోచేయి పట్టుకుంది.

“ఎదురుగా ఏముందో చెప్పండి.”

“పసుపు గొడుగేసుకుని ఒక పిల్ల. వెనకాలే కుక్క. గొడుగులో చోటివ్వలేదని దానికి అలక.”

ఆమె నవ్వింది. “ఇంకా?”

అతను కనిపించిందల్లా చెబుతూ నడిచాడు.

ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఒక్క కన్నే.