ఆరో సున్నపు చుక్క

గాజువాకలో వీధికొక మెరుపు కొలిమి వెలిసిన రోజులవి. ఇళ్లలో పాడైన ఫ్యాన్లూ స్కూటర్లూ అందులోనే కరిగేవి. కొలిమి లోపల అయస్కాంతం తరుముతుంటే కరెంటు మంట రాగి వలయం చుట్టూ గిర్రున తిరగాలి. ఒకేచోట నిలిచిందా, వలయం చిల్లిపడి ఎదురుగా ఉన్న మనిషి మాడిపోతాడు.

ఆ ఉదయం తమ వీధి కొలిమి నడిపే వరహాలమ్మ దాన్ని ఆపేసింది. కంపెనీ ఇంజనీరు పరుగున వచ్చి మీటర్ల తెర చూపించాడు.

"ఎనిమిది వైపులా కరెంటు సమానంగానే ఉందమ్మా. మీటర్లు అబద్ధం చెబుతాయా?"

"మీటర్ల సంగతి నాకు తెల్దు బాబూ. నా సున్నం సూడండి."

రోజూ ఆమె వలయం చుట్టూ ఎనిమిది తడి సున్నపు చుక్కలు పెట్టి, ఒక్క నిమిషం కొలిమి వెలిగించి ఆపి, మంట ఎక్కడైనా నిలుస్తోందేమో చూస్తుంది. ఈరోజు ఏడు చుక్కలు తడిగానే ఉన్నాయి. ఆరోది ఎండి పెచ్చులూడింది.

"సున్నంతో కొలతలేంటి? వెలిగించండి, లేదా కొలిమి తాళం ఇచ్చేసి ఇంటికెళ్లండి!"

వరహాలమ్మ తాళాన్ని కొంగున ముడేసుకుంది. తన స్టూలు లాగి ఆరో చుక్కకు ఎదురుగా వేసింది.

"కూకోండి బాబూ. మీరిక్కడ కూకుంటే ఇప్పుడే ఎలిగిస్తాను."

ఇంజనీరు మళ్లీ తెర చూశాడు. ఎనిమిది గడులూ పచ్చగా వెలుగుతున్నాయి. స్టూలు మాత్రం ఖాళీగానే ఉంది.