పేపరు చాటు మనిషి

“ఇక్కడ సంతకం పెట్టు వదినా, మిగతాదంతా నేను చూసుకుంటాను,” అంటూ మరిది కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు.

భర్త శవాన్ని ఆయన తమ్ముడికి అప్పగించడానికి తనకు అభ్యంతరం లేదని ఆ కాగితంలో ఉంది. ఆమె పెన్ను అందుకుంది.

“తొందరపడకండమ్మా,” అంది బల్లకు అవతల కూర్చున్న డాక్టరమ్మ. శవపరీక్ష చేసింది ఆవిడే. “భార్య ఉండగా తమ్ముడికివ్వడం ఎందుకు? మీకేమైనా ఇబ్బందా?”

“ఇబ్బందేం లేదు. తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. ఆయనకి నేనేమీ కాను. ఆమధ్య వానలో బస్సు చెడిపోయి, గంటన్నర ఆలస్యంగా, ముద్దగా తడిసి ఇంటికొస్తే, చదివే పేపరు దించి చూసిన పాపాన పోలేదు. అలాంటి మనిషిని తీసుకెళ్లి నా ఇంట్లో పెట్టుకుని, ఏ మొహంతో ఏడవమంటారు?”

మరిది తల దించుకున్నాడు. చుట్టాలందరికీ తెలిసిన బాగోతమే ఇది. రిటైరై ఇంటిపట్టున కూర్చున్న కొత్తలో, “ఇంక ఆ కుట్టుపనికి వెళ్లడం మానెయ్యి,” అన్నాడు ఆమె భర్త. మాననంది. “అయితే నాతో మాట్లాడకు,” అన్నాడు. మహా బాగా అయిందనుకుని ఆమె మూతి బిగించింది. రెండు రోజుల్లో పోవాల్సిన పంతం. మొదట నోరు విప్పినవాళ్లు ఓడినట్టేనని ఇద్దరూ భీష్మించుకుని కూర్చున్నారు. మూడేళ్ల కిందట గుండె ఆపరేషన్ తేదీని కూడా ఆయన కాలెండర్లో సున్నా చుట్టే తెలియజేశాడు. ఆస్పత్రిలో నాలుగు రోజులూ ఆమె పక్కనే ఉంది, మూగనోము పట్టినట్టు. పిల్లలుంటే ఎవరో ఒకరు మధ్యలో పడి కలిపేవారేమో. లేరు.

“పోయారని మీకెప్పుడు తెలిసింది?” డాక్టరమ్మ అడిగింది.

“ఎనిమిదింటికి. ఎప్పట్లాగే కింద కొట్లో కూరలు కొనుక్కుని, మూడంతస్తులెక్కి, ఆరింటికి ఇంట్లో అడుగుపెట్టాను. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, మొహం మీద పేపరు. కునుకు తీస్తున్నారనుకుని వంట చేశాను. కంచం పెట్టాను. ఎనిమిదైనా లేవలేదు.” “‘లేవండి, అన్నం చల్లారిపోతోంది’ అన్నాను డాక్టరమ్మా. నేనే ముందు మాట్లాడాను. నేనే ఓడిపోయాను. చూడ్డానికి ఆయన లేరు.”

“గుండె ఆగింది మధ్యాహ్నం మూడూ పదికి,” అంది డాక్టరమ్మ మెల్లగా. “ఆ ఆపరేషన్‌లో ఆయన గుండెకి పెట్టిన పేస్‌మేకర్‌లో అంతా నిమిషాలతో సహా రాసి ఉంటుంది. మీరొచ్చేసరికే పోయారు, మీ తప్పేం లేదు. కానీ అందులో ఒక సంగతి నాకు అంతుపట్టడం లేదు. అది తేలితే గానీ సహజ మరణమని రాయలేను.”

ఆవిడ గీతలున్న పొడవాటి కాగితం పరిచింది.

“రోజంతా గుండె నింపాదిగా కొట్టుకునేది. సాయంత్రం ఐదూ నలభై అయ్యేసరికి జోరందుకునేది. ఐదారు నిమిషాలు, మళ్లీ మామూలే. రోజూ ఇదే తంతు. ఆ వేళకి ఏం చేసేవారు? మెట్లెక్కేవారా? మందేమైనా వేసుకునేవారా?”

“ఆయనా, మెట్లెక్కడమా! కుర్చీ దిగితేగా? ఆ కిటికీ, ఆ పేపరు, అంతే. మందులన్నీ పొద్దుటి పూటే.”

“ఆదివారాలు మాత్రం ఏమీ లేదు.”

“ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాగా,” అనేసి, నాలుక కరుచుకుంది.

మరిది ఇబ్బందిగా కదిలాడు. డాక్టరమ్మ చూపు గీతల మీదికి మళ్లింది. ముగ్గురికీ ఒకటే అనుమానం వచ్చింది. చివరికి ఆమే పైకి అనేసింది.

“ఎవతో వచ్చేదన్నమాట. నేను లేని వేళ చూసుకుని.”

“ఛ ఛ! అన్నయ్య అలాంటివాడు కాదు వదినా!”

“నువ్వూరుకోవయ్యా. గుమ్మంలో పెళ్లాం కనబడితే పేపరు అడ్డం పెట్టుకునే మనిషి! ఇంకొకరి కోసం గుండె దడదడలాడిందట. తీసుకుపో, మీ అన్నని నువ్వే తీసుకుపో.”

పెన్ను మూత తీసింది. ఇన్నేళ్లూ కోపమే అనుకుంది గానీ, ఇంత బాధ తన లోపల ఉందని ఆమెకే తెలియదు.

“సంతకం పెడుదురుగాని, ఈ ఒక్కటీ చెప్పండి,” అంది డాక్టరమ్మ. “వచ్చిన మనిషెవరో తెలిస్తే నేను మాట్లాడాలి. పోయిన నెలలో ఒక బుధవారం మరీ విడ్డూరంగా ఉంది. ఐదూ నలభైకి మొదలైంది, ఎంతకీ తగ్గదే! పెరుగుతూనే ఉంది. ఏడూ పదికి గానీ నెమ్మదించలేదు. ఊరంతా వాన ముంచెత్తిన రోజది. ఆ రోజు మీ ఇంటికి ఎవరొచ్చారు?”

పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

ఆమె ఆ పొడవాటి కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. రోజుకొకటి చొప్పున లేచిన గీతల మీద వేలు పెట్టి, కుట్టు సరిచూసుకున్నట్టు ఒక్కొక్కటే తడుముతూ పోయింది. వాన కురిసిన బుధవారం దగ్గర వేలు చాలాసేపు ఉండిపోయింది.

“ఏమైంది వదినా?”

ఆమె మరిది తెచ్చిన కాగితాన్ని రెండుగా చింపింది. డాక్టరమ్మ దగ్గరున్న ఫారం తీసుకుని, మృతుడితో సంబంధం అన్నచోట ‘భార్య’ అని రాసింది.

“బండి మాట్లాడు నాయనా. మా ఇంటికి,” అంది. “డాక్టరమ్మా, సహజ మరణమనే రాయండి. ఇంట్లోకి ఎవరూ వచ్చేవారు కాదు.”

“మరి ఆ ఐదూ నలభై?”

ఆమె చెప్పబోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, తొమ్మిదేళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

రోజూ ఐదూ నలభైకి ఆమె బస్సు దిగేది ఆ కిటికీ కిందే.