సింగారమ్మ తొర్రలో చలిగాలి

ఒక అడవిలో, ఇప్పచెట్టు తొర్రలో సింగారమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. దాని మొగుడు ఆ వేసవిలోనే పోయాడు. కార్తీకం వచ్చేసరికి, ఎన్నడూ లేనిది, తొర్రలో చలి గజగజ వణికించసాగింది. సింగారమ్మ పొద్దస్తమానం బూరుగుదూది మోసుకొచ్చి తొర్రంతా నింపింది. అయినా వణుకు తగ్గలేదు.

"ఈ ఇంటి వెచ్చదనం ఆయనతోనే పోయింది తమ్ముడూ," అని పొరుగునున్న వడ్రంగిపిట్టతో చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దూది తర్వాత తెద్దువుగాని అక్కా. ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూడు. ముక్కు తడి చేసుకుని గోడ వెంబడి నడువు," అంది పిట్ట.

సింగారమ్మ అలాగే నడిచింది. మొగుడు పడుకునే మూలకు రాగానే ముక్కు జివ్వుమంది. దూది తీసి చూస్తే, అక్కడ గోడకు రేగుపండంత కన్నం! దాని చుట్టూ చెక్క అరిగి నున్నబడింది. ఆయన వెంట్రుకలు రెండు ఇంకా అంటుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్లూ దీనికి వీపు అడ్డం పెట్టి పడుకున్నాడా! చలేస్తోందని ఒక్కనాడూ అనలేదే!" అంది సింగారమ్మ.

ఇద్దరూ కలిసి బెరడు ముక్క పెట్టి, తుమ్మజిగురుతో ఆ కన్నం పూడ్చారు. తొర్ర వెచ్చబడింది. అప్పటినుంచి ఏటా చలి రాకముందే సింగారమ్మ గోడలన్నీ తడిమి చూసుకునేది. పడుకోవడం మాత్రం ఆ మూలనే పడుకునేది.