వదులైన క్లిప్పు

"అయిపోయింది సార్. ఇగ ఈ బండికి మార్చేదేం లేదు." కొత్త ఎయిర్ ఇంటేక్ బిగించి, టర్బో కారు బానెట్ మూశాడు మెకానిక్ దినేశ్.

ప్రతి ఆదివారం వచ్చి కారుకి ఏదో ఒకటి మార్పించుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫణీంద్ర ముఖం చిన్నబోయింది.

అమీర్‌పేటలో తానొక్కడే ఉండే గదికి బయలుదేరాడు కానీ, పంజాగుట్ట చౌరస్తా దాటకుండానే షెడ్డుకి తిరిగొచ్చాడు.

"దినేశ్ గారూ, ఇంటేక్ క్లిప్పు వదులైపోయిందండీ. గాలి లీకవుతోంది."

దినేశ్ బానెట్ ఎత్తాడు. క్లిప్పు స్క్రూ మీద కొత్త గీతలున్నాయి. ఫణీంద్ర మసి అంటిన వేళ్లని వెనక్కి దాచుకున్నాడు.

దినేశ్ క్లిప్పు మళ్లీ బిగించి, రెండు చాయ్‌లు చెప్పాడు.

"వచ్చే ఐతారం సుత రా అన్నా. కారు ఇంటికాడ పెట్టి రా."