గ్రైండరు మోత

“ఇంటి చప్పుడు తీసేశాం. మీ పాట ఇప్పుడు శుభ్రంగా ఉంది,” అంది గోడమీది పెట్టె, మళ్లీ.

“శుభ్రం చెయ్యమని నిన్నెవరడిగారే?” అని అరిచాను. మా చంద్రిక తల పట్టుకుని కూర్చుంది.

పాటలు కట్టడం నేర్పే వేసవి శిబిరానికి పదిమంది పిల్లల్నే తీసుకుంటారు. సాయంత్రం లోపల పాట పంపాలి, అదీ ఈ పెట్టె ద్వారానే. నా కూతురికి గురువు లేడు. నేను అమ్మకానికి ఇడ్లీ పిండి రుబ్బుతుంటే, ఆ గ్రైండరు మోతనే శ్రుతి చేసుకుని తనంతట తానే నేర్చుకుంది. మోత తీసేసరికి ఈ పాట బోడిగా ఉంది. కానీ ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఈ పెట్టెలే. కుక్కరు కూత, కుళాయి ధార, ఏదీ గుమ్మం దాటనివ్వవు. మనిషి గొంతును మాత్రమే వదులుతాయి.

“ఈ శుభ్రం చెయ్యడాన్ని ఆపే మీట లేదా?”

“లేదమ్మా! ఎన్నిసార్లు అడుగుతావు?” అని విసుక్కుంది చంద్రిక.

ఎనిమిదితో బడి మానేసినదాన్ని, నాకింకేం తోస్తుంది! ఒళ్లు మండి గ్రైండరు ఆపేశాను. “నువ్వు పాడవే, మోత సంగతి నేను చూస్తా,” అని పక్కన కూర్చుని “ఊఁ” అని అందుకున్నాను.

చంద్రిక నవ్వాపుకుని పాడింది. సగంలో నాకు ఊపిరి చాలక శ్రుతి కిందికి జారిపోయింది.

“రెండో గొంతు జారింది. సరిచెయ్యమంటారా?” అని అడిగింది పెట్టె.

చంద్రిక తడుముకోలేదు.

“వద్దు. పిండి గట్టిపడితే గ్రైండరు అలాగే మూలుగుతుంది. పంపించెయ్.”